దారిలో గూడు కనబడితే...

పది ఆజ్ఞలు మన పిల్లలకు కంఠతా వచ్చు. సండేస్కూలు వార్షికోత్సవంలో వరుసగా నిలబడి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. 23వ కీర్తన సంగతి సరేసరి. కానీ చెట్లెక్కే వయసు పిల్లల కోసమే దేవుడు ఇచ్చాడా అనిపించే ఆజ్ఞ ఒకటి బైబిల్లో ఉంది. దాన్ని ఎవరైనా కంఠతా పట్టించగా మేము చూడలేదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 6, 7 వచనాల్లో ఉందది. దారిన పోయేటప్పుడు చెట్టు మీదనో నేల మీదనో ఒక గూడు కనబడింది. అందులో గుడ్లో, పిల్లలో ఉన్నాయి. తల్లి వాటిని పొదువుకుని కూర్చుంది. అప్పుడు పిల్లలతో పాటు తల్లిని కూడా పట్టుకోవడానికి వీల్లేదు, తల్లిని తప్పకుండా వదిలెయ్యాలి. అలా చేసినవాడికి మేలు కలుగుతుందని, దీర్ఘాయువు కలుగుతుందని దేవుడు మాటిచ్చాడు.

ఆ వాగ్దానం ఎక్కడో విన్నట్టుంది కదా! తలిదండ్రులను సన్మానించమన్న అయిదో ఆజ్ఞకు తోడుగా ఉన్నది కూడా ఇదే వాగ్దానం (ద్వితీయో. 5:16). యూదు బోధకులు గూటిని గురించిన ఈ ఆజ్ఞను ఆజ్ఞలన్నింటిలోకీ తేలికైనదిగా ఎంచారు. దీనికి ఖర్చు లేదు, ప్రయాస లేదు, చెయ్యి వెనక్కి తీసుకుంటే చాలు. అంత తేలికైనదానికీ, తలిదండ్రులను జీవితాంతం చూసుకోవడమనే బరువైనదానికీ ఒకే బహుమానమేమిటని వాళ్లు తరతరాలుగా తర్కించుకున్నారు. పిల్లల కోసం తల్లి పడే తపన మనుషుల్లోనూ జంతువుల్లోనూ ఒకటేనని, ఆ తల్లి కళ్లెదుట ఆ ఘోరం జరగకూడదనే దేవుడు ఈ ఆజ్ఞ ఇచ్చాడని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ వివరించాడు.

మాకు మాత్రం ఆ వచనంలో మొదటి మాటే ముఖ్యమనిపించింది. దారిలో కనబడితే అన్నాడు దేవుడు. బెంచీల మీద కూర్చున్నవాళ్లకు దారిలో ఏదీ కనబడదు. అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో మాకు తెలిసిన సంఘాల పిల్లల్ని కలిపి, ఈ ఆజ్ఞను మందిరం బయట నేర్పడం మొదలుపెట్టాం.

పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. మే నెలలో వి.బి.ఎస్. అయిపోగానే వచ్చే శనివారం ఒకసారి, వానాకాలం వరి ఏపుగా ఎదిగే సెప్టెంబరులో మరోసారి, తెల్లవారి అయిదున్నరకు బయల్దేరి ఎండెక్కకముందే ఇళ్లకు చేరడం, అంతే. ఒకసారి మిర్యాలగూడ దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ వైపు, మరోసారి కోదాడ చెరువు వైపు, ఇంకోసారి సూర్యాపేట నుంచి పిల్లలమర్రి దారిలో నడిచాం. వాక్యం బయల్దేరే ముందే చదివిస్తాం. దారిలో ప్రసంగం ఉండదు. ఆ మాట చెప్పినప్పుడు పిల్లలకంటే ముందు టీచర్లే ఊపిరి పీల్చుకున్నారు.

కాలువ పక్క కంకర నేల మీద మాకు మొదట దొరికింది తీతువు పిట్ట. తీతువంటే మన పల్లెల్లో భయం. రాత్రిపూట ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఎవరికో మూడిందంటారు. రక్షణ సాక్ష్యం చెప్పే ఇళ్లలో కూడా ఆ కూత వినగానే గుండెల మీద చెయ్యి వేసుకునే అమ్మమ్మలున్నారు. నిజానికి కుక్కో, నక్కో, మనిషో తన గుడ్ల వైపు వస్తున్నప్పుడు అది అలా గోల పెడుతుంది. ఆ పాపానికి దాన్ని చావు పిట్ట చేశాం. గూడంటూ అది కట్టదు. నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు పేర్చి, మట్టి రంగు మీద నల్ల మచ్చలుండే గుడ్లు పెడుతుంది. సాధారణంగా నాలుగు. రాళ్ల మధ్య అవీ రాళ్లలాగే ఉంటాయి. ఆరడుగుల దూరం నుంచి వేలు పెట్టి చూపించినా మా టీచర్లలో కొందరికి చాలాసేపు కనబడలేదు.

వాటిని కనిపెట్టింది పక్షుల బొమ్మల పుస్తకం పట్టుకొచ్చిన కాలనీ పిల్లలు కారు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పదకొండేళ్ల కుర్రవాడు. వాళ్ల అమ్మానాన్నలు నాట్లకూ కోతలకూ కూలికి వెళ్తారు. పిట్ట ఎక్కడ గోల పెడుతుందో అక్కడ గుడ్లు ఉండవని, అది చప్పుడు చెయ్యకుండా తల వంచుకుని ఎటు నడిచి వెళ్తుందో అటే చూడాలని వాడికి తెలుసు. కొంచెం దూరంగా మమ్మల్ని కూర్చోబెట్టి, "మాట్లాడొద్దు సార్" అని మమ్మల్నే గదమాయించాడు. సండేస్కూల్లో వచనాలు అప్పజెప్పలేక వెనక వరుసలో ఒదిగి కూర్చునే పిల్లవాడు ఆ పూట అందరికీ మాస్టారయ్యాడు. మన సంఘాల్లో ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు తెలిసినదాన్ని జ్ఞానంగా లెక్కించే తరగతి మాత్రం మన దగ్గర లేదు.

ఆ తర్వాత చూసింది పిల్లలు ఎప్పటికీ మరచిపోరు. మే నెలలో మన నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ ఎండలో గుడ్లకు వేడి అక్కర్లేదు, నీడ కావాలి. అందుకే తల్లీ తండ్రీ వంతులవారీగా వాటి మీద నిలబడతాయి. నీళ్ల దగ్గరికెళ్లి పొట్ట కింది ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. ఇంచుమించు నాలుగు వారాలు ఇదే పని. ఇది తెలిశాక దూరంగా ఉండమని పిల్లలకు రెండోసారి చెప్పనవసరం లేకపోయింది. మనం అక్కడ పావుగంట నిలబడితే పావుగంట సేపు ఆ గుడ్లు ఎండలో ఉడుకుతాయి. మనిషి ముట్టుకుంటే తల్లి ఇక దగ్గరికి రాదన్న మాట చాలా పక్షుల విషయంలో నిజం కాదు. అసలు చేటు మన అడుగుల వల్ల, మన ఆలస్యం వల్ల. మనం ఎక్కడ గుమిగూడామో కాకులు చూస్తూనే ఉంటాయి. అందుకని రెండు నిమిషాలు చూసి వెనక్కి తిరగాలని నియమం పెట్టుకున్నాం. ఫొటో కోసమని ఫోను పట్టుకుని ముందుకు వంగిన పెద్దవాళ్లనే ఎక్కువసార్లు వెనక్కి లాగాల్సి వచ్చింది.

తిరిగొచ్చే దారిలో ఒక పాప అడిగింది: "టీచరక్కా, తల్లిని వదిలెయ్యమన్నాడు సరే, మరి పిల్లల సంగతేంటి? వాటిని పట్టుకోవచ్చా?"

ఈ ప్రశ్నను దాటవెయ్యడం తేలికే. కానీ వాక్యంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పిల్లలను తీసుకోవచ్చని 7వ వచనమే అంటోంది. ఎందుకని? ఆ మాట విన్నవాళ్లు అరణ్యంలో నలభై ఏళ్లు నడిచొచ్చిన జనం. దారిలో దొరికిన గుడ్లు ఆకలిగొన్నవాడికి ఆహారం. దేవుడు ఆకలిని నేరంగా చూడలేదు. ఆకలికి కూడా ఒక హద్దు పెట్టాడు, అంతే. తల్లీ పిల్లల్ని కలిపి ఊడ్చుకుపోతే వచ్చే ఏటికి ఆ చెట్టు మీద కూత ఉండదు. కోత కోసేటప్పుడు పొలం అంచులు వదిలెయ్యమన్నదీ (లేవీ. 19:9), పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్ల చెట్లు నరకవద్దన్నదీ (ద్వితీయో. 20:19) ఆ దేవుడే. మన సంఘాల్లో కరువు రోజుల్లో కౌజు పిట్టల్ని ఉచ్చులేసి పట్టి పిల్లల కడుపు నింపిన కుటుంబాలున్నాయి. వాళ్ల ముఖం మీద ఈ వచనం విసిరితే అంతకంటే అన్యాయం లేదు. ఈ రోజుల్లో గూళ్లు పోయేది వాళ్ల వల్ల కాదు. ఆకలే లేనివాళ్లు పంపే జేసీబీ తల్లినీ పిల్లల్నీ చెట్టునూ కలిపి ఒక్క పూటలో లేపేస్తుంది. దేశాలను దోచుకున్న అష్షూరు రాజు, విడిచిపెట్టిన గుడ్లను ఏరుకున్నట్టు ఏరుకున్నానని, రెక్క ఆడించినవాడు లేడని గొప్పలు చెప్పుకున్నాడట (యెషయా 10:14). గూడు దోచడాన్ని యెషయా ఏ జాబితాలో చేర్చాడో చూడండి.

పాపకు మేమిచ్చిన జవాబు చిన్నదే. మనకివాళ ఆకలి లేదు కాబట్టి పిల్లల్నీ వదిలేద్దాం. పైగా అడవి పక్షుల గుడ్లను పాడుచెయ్యడం, గూళ్లను చెదరగొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటతో సమానం. ఆ సంగతి విని గులేరు పట్టుకొచ్చిన ఇద్దరు మగపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు సలీం అలీ కథ చెప్పాం. ఆయన చిన్నప్పుడు బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి ఇదేం పిట్ట అని తెలుసుకోబోయి, చివరికి భారతదేశపు పక్షులన్నింటి గురించీ రాసినవాడయ్యాడు. 1985లో వచ్చిన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు. పిల్లలు గులేర్లు మా చేతికివ్వలేదు. జేబులో పెట్టుకున్నారు. మేమూ అడగలేదు.

కోదాడ వైపు వెళ్లినప్పుడు మాకు దొరికింది తల విరిగిన తాటిమోడులో పాలపిట్ట గూడు. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కంటపడాలని జనం పొలాల వెంట తిరిగే పక్షి. దాని కాపురం మాత్రం కల్లుకూ ఆకుకూ దేనికీ పనికిరాదని కొట్టేసే మోడు తొర్రలో. సెప్టెంబరులో వెళ్తే బావి మీదికి వంగిన ఈత చెట్లకు గిజిగాడి గూళ్లు. వరి ఆకును అంచున గాటు పెట్టి సన్నగా పీలిక తీసి, ఆ పీలికలతో అల్లుతుంది. చాలా చోట్ల గూళ్లన్నీ చెట్టుకు తూర్పు వైపే వేలాడతాయి, నైరుతి వాన కొట్టకుండా. అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే అది అలా సగంలోనే వేలాడుతూ ఉండిపోతుంది. చెట్టు కింద అలాంటి సగం గూళ్లు రెండు దొరికితే పిల్లలు టోపీల్లా నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ బోధకులకు ఒక హెచ్చరిక. గూడు పూర్తయి గుడ్లు పెట్టాక మగపిట్ట ఇంకో గూడు, ఇంకో జోడు వెతుక్కుంటుంది. పొదిగేది తల్లి ఒక్కతే. కుటుంబ ప్రార్థన కూడికల్లో గిజిగాడిని ఆదర్శ తండ్రిగా చూపించకుండా ఉంటే మంచిది.

గిజిగాడు అనగానే మన తరం వాళ్లకు గుర్రం జాషువా గుర్తొస్తాడు. 1895లో వినుకొండలో పుట్టి, 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ కవి గిజిగాడి మీదా పద్యాలు రాశాడు. 1941 నాటి ఆయన 'గబ్బిలం'లో గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలాన్ని తన మొర దేవుడి చెవిన వెయ్యమని వేడుకుంటాడు. రెక్కలున్నదానికి దొరికిన చోటు మనిషికి దొరకలేదు. 84వ కీర్తన చదివినప్పుడల్లా మాకు జాషువా గుర్తొస్తాడు. పిచ్చుకకు ఇల్లు దొరికిందని, దేవుని బలిపీఠాల దగ్గరే పక్షి గూడు కట్టుకుందని కీర్తనకారుడు చెబుతున్నాడు. బలిపీఠం దగ్గరికి యాజకుడు తప్ప ఇంకెవరూ వెళ్లకూడదు. పిట్ట వెళ్లింది. కాపురం పెట్టింది. దూరంగా నిలబడి దాన్ని చూస్తూ ఆ కవి అసూయపడుతున్నాడు.

ఆ కీర్తన రాసింది కోరహు కుమారులు. మందిరంలో వాళ్ల పని ద్వారం కాయడం (1 దిన. 9:19). అంటే ఆ గూటిని చూసింది కాపలాదారుడి కన్ను. చీపురు కర్రతో దులిపేసే అధికారం అతని చేతిలోనే ఉండి ఉంటుంది. అతను దులపలేదు, పాట కట్టాడు! మన మందిరాల సంగతి చూద్దాం. పెంకుల కప్పు, దూలాలు ఉన్న పాత చర్చీల్లో ఆరాధన మధ్యలో పిచ్చుకలు అరిచేవి, గడ్డిపరకలు బైబిళ్ల మీద రాలేవి. ఇప్పుడు అద్దాలు, ఫాల్‌సీలింగు, ఏసీలు. పిచ్చుక దూరే సందు లేదు. ఆవరణలో చెట్టుండే చోట సిమెంటు రాళ్లు పరిచాం. సౌకర్యాలు తప్పని మేము అనడం లేదు. ఎండలో వృద్ధులు కూర్చోవాలంటే అవి కావాలి. అయితే చూరు కింద నాలుగు చెక్క డబ్బాలు బిగించడానికీ, కోత పండుగకు తెచ్చిన వరి వెన్నుల్లో ఒక కుచ్చు వేలం వెయ్యకుండా వసారాలో వేలాడదీయడానికీ ఏ తీర్మానమూ అక్కర్లేదు. ఇళ్ల చూరుకు ధాన్యపు కుచ్చు కట్టడం మన ఊళ్లలో తాతల నాటి నుంచీ ఉన్నదే.

ఇలా మాట్లాడినప్పుడు కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. ఆత్మలు నశిస్తుంటే పిట్టల గోలేమిటంటారు. వాళ్ల చేతిలో వాక్యం కూడా ఉంది. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వెయ్యవద్దన్న ఆజ్ఞను ఎత్తి చూపి, దేవుడు ఎద్దుల కోసం విచారిస్తున్నాడా, మన కోసమే కదా ఇది రాయించాడు అని పౌలే అడిగాడు (1 కొరింథీ. 9:9,10). గట్టి అభ్యంతరమే. కానీ పౌలు అక్కడ సువార్త పనివాడి జీతం గురించి వాదిస్తున్నాడు. ఎద్దుకే ఆ హక్కుంటే పనివాడికి ఉండదా అన్నది ఆయన వాదం. ఎద్దు హక్కును కొట్టేస్తే ఆ వాదం నిలబడదు. మీరు అనేక పిచ్చుకలకంటే శ్రేష్ఠులు అన్న ప్రభువు మాట కూడా అంతే. పిచ్చుకకు విలువే లేకపోతే దానికంటే శ్రేష్ఠులమని చెప్పుకోవడంలో గొప్పేముంది?

ఈ పిచ్చుకల ధర విషయంలో సువార్తల్లో ఒక చిన్న తేడా ఉంది. మత్తయి ప్రకారం ఒక కాసుకు రెండు పిచ్చుకలు (10:29). లూకా ప్రకారం రెండు కాసులకు అయిదు (12:6). లెక్కకు నాలుగే రావాలి. అయిదోది కొసరు. బజారులో కొత్తిమీర కట్ట మీద కొసరు అడిగినట్టు, పిచ్చుకల బేరంలోనూ కొసరు! వెలకట్టే పని కూడా లేకుండా ఊరికే పడేసిన ఆ కొసరు పిచ్చుకను సైతం దేవుడు మరువడని ప్రభువు అన్నాడు. ఈ లెక్క చెబితే ఎక్కువగా కదిలిపోయేది పిల్లలు కాదు, కూలికి పోయి బేరంలో ఎప్పుడూ కొసరుగా మిగిలే వాళ్ల తల్లులు. పక్షులను చూడండి అన్న ప్రభువు మాటను జాన్ స్టాట్ అక్షరాలా తీసుకున్నాడు. ప్రపంచమంతా వాక్యం చెప్పిన ఆ బోధకుడు వెళ్లిన చోటల్లా బైనాక్యులర్లు వెంట తీసుకెళ్లేవాడు. పక్షులే మన ఉపాధ్యాయులన్న అర్థం వచ్చే పేరుతో 1999లో ఒక పుస్తకమే ప్రచురించాడు. సువార్త పనికి అది అడ్డొచ్చిందని ఆయన్ను ఎవరూ అనలేదు.

చదువు లేని ఊళ్లు ఈ ఆజ్ఞను ఎలా పాటిస్తున్నాయో చూడాలంటే శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురం వెళ్లాలి. ఏటా పెయింటెడ్ స్టార్కులనే రంగురంగుల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. వాటిని సైబీరియా కొంగలని రాస్తుంటారు గాని అవి మన దేశపు పక్షులే. పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా ఊరు వాటిని చూసుకుంటుంది. చేపల కంపు భరిస్తారు, రెట్టలు భరిస్తారు, ఎవరినీ రాయి విసరనివ్వరు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులోనూ ఊరివాళ్ల కాపలా ఇలాంటిదే. హెబ్రీలో కొంగ పేరు, కృప అనే అర్థమున్న మాట ఒకే వేరు నుంచి వచ్చాయి. ఇంత చెప్పడానికి కారణం దూరపు ఊళ్లను పొగడటం కాదు. మన దగ్గరా ఒక చెట్టుంది.

మేము నడిచే ఈ ప్రాంతంలోనే ఒక సంఘం ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉంది. హాలు విస్తరణ కోసం దాన్ని తీసెయ్యాలని కమిటీ అనుకుంటోంది. కార్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు, ఆదివారం జనం బయట నిలబడుతున్నారు. అవసరం నిజమే. ఆ చెట్టు తొర్రలో గోరింకలు పిల్లలు చేశాయి. పైన కాకి గూడు ఉంది. అందులో ఉన్నవన్నీ కాకి పిల్లలేనో, ఒకటి కోకిలదో తేల్చుకోలేక మా పిల్లలు పందేలు కాస్తున్నారు. చెట్టు ఉండాలా వద్దా అన్నది పెద్దలు తేల్చాల్సిన సంగతి. మాకైతే హాలును నాలుగు గజాలు పక్కకు జరిపితే సరిపోతుందనిపిస్తోంది. ఇంజినీరును అడిగితే ఆయనా కాదనలేదు. ఏదేమైనా గూళ్లలో పిల్లలున్నప్పుడు గొడ్డలి వెయ్యడానికి లేదు. జూలై నెలాఖరుకు అవి ఎగిరిపోతాయి. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఈ సంగతి తెలిసి మూడు ఊళ్ల పిల్లలూ కలిసి కమిటీకి ఉత్తరం రాశారు. ద్వితీయోపదేశకాండం 22:6,7 పైన రాసి, కింద జూలై 31 దాకా ఆగండయ్యగారూ అని రెండే వాక్యాలు పెట్టారు. పెద్దవాళ్లం సంతకం చెయ్యలేదు, వాళ్లు చెయ్యనివ్వలేదు. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. సంతకాల్లో మొదటిది ఆ హాస్టల్ కుర్రవాడిది. పేరు పక్కన గోరింక బొమ్మ కూడా వేశాడు.